మాటిమాటికీ కూలిపోయే అమరిక సాధనం: లినక్స్‌లో దోష పరిశోధన

నాడి చూడకుండా మందు వ్రాసే వైద్యుని మనం నమ్మము. కాని కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మనలో అనేకులం అటువంటి వైద్యమే చేస్తుంటాము. ఒక ప్రోగ్రాం తెరుచుకోకపోతే మళ్ళీ నొక్కుతాము. అప్పటికీ తెరుచుకోకపోతే యంత్రాన్ని ఆపి తిరిగి వేస్తాము. అదీ ఫలించకపోతే మొత్తం వ్యవస్థను తుడిచివేసి కొత్తగా స్థాపిస్తాము. ఈ చివరి పనితో యంత్రం నడవవచ్చును. కాని అందులో దాచుకొన్న తోటి విద్యార్థుల ప్రాజెక్టులు, వ్యాసాలు దానితోనే పోతాయి. దోషం ఎక్కడ ఉన్నదో తెలియదు కనుక అది మళ్ళీ రాదన్న భరోసా కూడ ఉండదు.

కావున లినక్స్ వ్యవస్థలో ఒక అమరిక సాధనం మాటిమాటికీ కూలిపోతున్నప్పుడు కారణాన్ని క్రమపద్ధతిలో ఎట్లు వెదకవలెనో ఒక నిజమైన ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ఆదేశాల పేర్లను తెలుగు లిపిలోనే వ్రాస్తున్నాము. యంత్రంపై వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయవలెనని విద్యార్థులు గ్రహింతురు గాక.

అమరిక సాధనం అనగా ఏమి?

లినక్స్ కెర్నెల్ రచనను ఫిన్లండుకు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ తన విద్యార్థి దశలో, 1991వ సంవత్సరంలో ప్రారంభించాడు. ఆ కెర్నెల్ ఆధారంగా వెలసిన పంపిణీలు అనేకం. వాటిలో ఉబుంటు ఒకటి. దాని మొదటి విడుదల 2004 అక్టోబరులో వచ్చింది. మన ఉదాహరణకు 2022 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 22.04ను తీసుకొందాము.

లినక్స్‌లో వ్యవస్థకు సంబంధించిన అమరికలు చాల వరకు మామూలు అక్షరాల ఫైళ్ళలోనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం 'ఈటీసీ' అనే డైరెక్టరీలో కనిపిస్తాయి. అమరిక సాధనం ఆ ఫైళ్ళను చదివి మనకు ఒక విండోలో చూపుతుంది. మనం మీటలు నొక్కితే వాటిని సవరిస్తుంది. అనగా సాధనం తలుపు మాత్రమే, ఇల్లు కాదు. తలుపు తెరుచుకోనంత మాత్రాన ఇంటిలోని సామాను పోయినట్లు కాదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకొంటే సగం తొందరపాటు తగ్గుతుంది.

మన వంటి ద్విభాషా కళాశాలకు బాగా అవసరమైన అమరిక సాధనం 'లాంగ్వేజ్ సపోర్ట్' అనునది. వ్యవస్థకు కావలసిన భాషా ప్యాకేజీలను స్థాపించేది ఇదే. కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ గాని, అక్షరం క్రింద వత్తులు చేరే తెలుగు గాని ఆ వ్యవస్థలో పూర్తిగా ఇమడవలెనంటే ఈ సాధనంతో పని పడుతుంది. 'సెట్టింగ్స్'లోని ప్రాంతము-భాష అనే పుటలో స్థాపిత భాషల నిర్వహణకై ఒక బటను ఉన్నది. దానిని నొక్కినప్పుడు తెరుచుకొనేది కూడ ఈ సాధనమే. ఒకటి 'సెట్టింగ్స్', రెండవది 'లాంగ్వేజ్ సపోర్ట్'. చూపునకు ఒకటిగా కనిపించినా ఇవి రెండు వేరు ప్రోగ్రాములు. మొదటిది సీ భాషలో వ్రాయబడింది, రెండవది పైథాన్ భాషలో వ్రాయబడింది. ఈ భేదం మున్ముందు మనకు దారి చూపుతుంది.

కూలిపోవడంలో రకాలు

ప్రోగ్రాం "కూలిపోయింది" అని మనం ఒకే మాట అంటాము గాని అందులో పలు రకాలు ఉన్నవి. ఏ రకమో తెలియనిదే మందు తెలియదు.

మొదటి రకం: ప్రోగ్రాం తనకు ఎదురైన అడ్డంకిని తానే గుర్తించి, ఏ వరుసలో ఏమి జరిగిందో చెప్పి ఆగిపోవడం. పైథాన్ ప్రోగ్రాములు సాధారణంగా ఈ విధంగానే ఆగుతాయి. ఆ వాఙ్మూలాన్ని ట్రేస్‌బ్యాక్ అంటారు.

రెండవ రకం: ప్రోగ్రాం తనది కాని జ్ఞాపకస్థానాన్ని తాకినందున కెర్నెల్ దానికి 11వ సంకేతం పంపగా అది కూలిపోవడం. దీనిని సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటారు. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో వ్రాసిన ప్రోగ్రాములలో ఇది అధికం.

మూడవ రకం: యంత్రంలో జ్ఞాపకశక్తి చాలక, మిగిలిన వాటిని కాపాడడం కోసం కెర్నెల్ ఒక ప్రోగ్రామును 9వ సంకేతంతో బలవంతంగా ముగించడం.

నాలుగవ రకం నిజానికి కూలిపోవడం కాదు. అనుమతి లేనందునో, తగిన తెర లభించనందునో ప్రోగ్రాం ఒక మాట చెప్పి తప్పుకోవడం మాత్రమే. తెరపై నుండి చూచే వానికి ఈ నాలుగూ ఒకే విధంగా కనిపిస్తాయి. బొమ్మపై నొక్కుతాడు, చక్రం కాసేపు తిరుగుతుంది, ఏమీ తెరుచుకోదు. భేదం తెలిసేది ప్రోగ్రాం పోతూపోతూ విడిచిన మాటల వల్లనే.

ఒక ఉదాహరణ

ఉబుంటు 22.04తోపాటు వచ్చే పైథాన్ 3.10వది. ఒక విద్యార్థికి పాఠ్యాంశం కోసం పైథాన్ 3.11 కావలసి వచ్చిందనుకొందాము. ఆ సంచిక 2022 అక్టోబరులో విడుదలైంది. అతడు దానిని స్థాపించాడు. ఇంతవరకు దోషం లేదు. రెండు సంచికలు ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండవచ్చును. కాని 'పైథాన్3' అని టైపు చేసినప్పుడల్లా కొత్తదే పలకవలెనని కోరి, 'యూఎస్ఆర్' లోని 'బిన్' అనే డైరెక్టరీలో ఆ పేరుతో ఉన్న లింకును 3.10 నుండి 3.11 వైపునకు మళ్ళించాడు. అతని పాఠం చక్కగా నడిచింది. అతడు సంతోషించి వెళ్ళిపోయాడు.

మరునాడు మరొక విద్యార్థిని ఉర్దూ ప్యాకేజీ కోసం అదే యంత్రం ముందు కూర్చొని లాంగ్వేజ్ సపోర్ట్‌ను నొక్కింది. తెరుచుకోలేదు. టెర్మినల్ తెరిచి చూద్దామంటే అదీ తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ అనే నవీకరణ సాధనమూ అంతే. అయితే ఫైర్‌ఫాక్స్ తెరుచుకొంటున్నది, ఫైళ్ళ విండో తెరుచుకొంటున్నది, సెట్టింగ్స్ కూడ తెరుచుకొంటున్నది. యంత్రం సగం బ్రతికి సగం చచ్చినట్లున్నది. నిన్న జరిగిన మార్పు ఆమెకు తెలియదు. ఇప్పుడు ఆమె ఏమి చేయవలెను?

పరిశోధన క్రమం

మొదటి మెట్టు: ఏవి పని చేయుచున్నవో, ఏవి చేయుట లేదో రెండు పట్టీలుగా వ్రాసుకొనడం. ఒకే పనిముట్టు పాడైతే దోషం దానిలో ఉండవచ్చును. సంబంధం లేనట్లు కనిపించే మూడు పనిముట్లు ఒకే రోజున పడిపోతే, వాటన్నిటికీ క్రింద ఉన్న ఉమ్మడి ఆధారాన్ని అనుమానించవలెను. ఒక వీధిలో ఇళ్ళన్నిటా దీపాలు ఆరిపోతే బల్బులు మార్చము గదా! మన పట్టీలో పడిపోయిన మూడింటికీ ఉమ్మడి ఆధారం పైథాన్. ఉబుంటు 22.04లో టెర్మినల్‌ను పిలిచే 'గ్నోమ్-టెర్మినల్' అనే ఫైలు సైతం ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామే. నిలిచి ఉన్న సెట్టింగ్స్ సీ భాషలోనిది, దానికి పైథాన్ అక్కర లేదు.

రెండవ మెట్టు: ప్రోగ్రాం చెప్పిన మాటను వినడం. టెర్మినల్ తెరుచుకోకపోయినా దారి మూసుకుపోలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను ఒక్కసారిగా నొక్కితే బొమ్మలు లేని అక్షరాల తెర వస్తుంది. అక్కడ పేరు, సంకేతపదం ఇచ్చి లోనికి ప్రవేశించవచ్చును. తిరిగి పాత తెరకు పోవడానికి సాధారణంగా ఎఫ్3కు బదులు ఎఫ్2 నొక్కవలెను. అక్షరాల తెరపై 'జర్నల్‌సీటీఎల్' అనే ఆదేశానికి 'మైనస్ బీ' చేర్చి ఇస్తే, యంత్రం ఈసారి మొదలైనప్పటి నుండి వ్యవస్థ వ్రాసుకొన్న చిట్టా కనిపిస్తుంది. తెరపై బొమ్మ నొక్కి పిలిచిన ప్రోగ్రాములు పలికిన మాటలు అందులో చేరుతాయి.

మూడవ మెట్టు: ట్రేస్‌బ్యాక్‌ను క్రింది నుండి పైకి చదవడం. అది పొడుగుగా ఉండి బెదిరిస్తుంది గాని దాని సారం చివరి వరుసలోనే ఉంటుంది. మన ఉదాహరణలో ఒకచోట 'ఏపీటీ_పీకేజీ' అనే మాడ్యూలు లేదని, మరొకచోట 'జీఐ' మాడ్యూలు నుండి '_జీఐ' అనే భాగాన్ని తీసుకొనలేకపోయామని కనిపిస్తుంది. ఏది ముందు కనిపించునో ఆ ప్రోగ్రాం దేనిని ముందు పిలిచిందో దానిపై ఆధారపడి ఉంటుంది. చిట్టాలో మరొక వింత కూడ ఎదురు కావచ్చును. పతనాలను నమోదు చేయడానికి ఉబుంటులో 'అపోర్ట్' అనే ఏర్పాటు ఉన్నది. దానికీ 'ఏపీటీ_పీకేజీ' మాడ్యూలు కావలెను. కావున పడిపోయిన వానిని గురించి ఫిర్యాదు వ్రాయబోయి అది తానే పడిపోతుంది! ఒకదాని క్రింద ఒకటిగా రెండు ట్రేస్‌బ్యాకులు కనిపించడానికి కారణం ఇదే. రెండింటినీ చూచి భయపడవలసిన పని లేదు.

నాలుగవ మెట్టు: చెప్పిన మాట నిజమేనా అని పరీక్షించడం. మాడ్యూలు లేదని యంత్రం అంటున్నది. 'డీపీకేజీ' ఆదేశానికి 'మైనస్ పెద్ద ఎల్' చేర్చి 'పైథాన్3-ఏపీటీ' ప్యాకేజీలోని ఫైళ్ళను అడిగితే, ఆ మాడ్యూలు ఫైలు ఉన్నదనే జవాబు వస్తుంది. ఉన్నదాని పేరును నిదానంగా చదివితే అందులో 'సీపైథాన్-310' అనే ముద్ర కనిపిస్తుంది. చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. పైథాన్‌లోనే వ్రాసిన మాడ్యూళ్ళు చాల వరకు ఏ సంచికతోనైనా నడుస్తాయి. కాని సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో వ్రాసి యంత్రభాషకు మార్చిన మాడ్యూళ్ళు ఏ సంచిక కోసం తయారైనవో ఆ సంచికకే సాధారణంగా చెల్లుతాయి. 3.11వ సంచిక తన ముద్ర గల ఫైలు కోసం వెదుకుతుంది. 310 ముద్ర గలదానిని తనది కాదని విడిచిపెడుతుంది. కనుకనే ఫైలు ఉన్నా "లేదు" అంటున్నది. యంత్రం అబద్ధం చెప్పలేదు; దాని మాటను మనం పూర్తిగా చదవవలసి ఉన్నది.

ఐదవ మెట్టు: ఊహను ప్రయోగంతో రుజువు చేయడం. 'పైథాన్3.10' అని సంచికను పేర్కొని, ఆ మాడ్యూలును మాత్రమే దిగుమతి చేసుకొమ్మని ఆదేశించవలెను. అది మౌనంగా ముగుస్తుంది. ఇక్కడ మౌనం విజయ సూచకం. అదే ఆదేశాన్ని 'పైథాన్3.11'తో ఇస్తే పాత దోషమే పలుకుతుంది. రెండు ప్రయోగాలలో మారినది సంచిక ఒక్కటే. రసాయన ప్రయోగశాలలో ఒక అంశాన్ని మాత్రమే మార్చి తక్కినవి స్థిరంగా ఉంచమని చెప్పే నియమం ఇక్కడ కూడ అదే.

ఆరవ మెట్టు: మార్పు ఎప్పుడు జరిగిందో చూడడం. 'ఎల్ఎస్ మైనస్ ఎల్' ఆదేశంతో 'పైథాన్3' లింకు ఎటు చూపుతున్నదో తెలుస్తుంది. 'వేర్' లోని 'లాగ్' డైరెక్టరీలో ఏపీటీ చరిత్ర ఫైలు ఉన్నది. ఏ ప్యాకేజీ ఏ తేదీన, ఏ గంటకు స్థాపించబడిందో అది చెబుతుంది. లింకును 'అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్' అనే ఆదేశంతో మార్చి ఉంటే ఆ మార్పు కూడ అక్కడే వేరొక చిట్టాలో నమోదై ఉంటుంది. ఇది నేరస్థుని పట్టుకొనడానికి కాదు, కారణానికి కాలసాక్ష్యం సంపాదించడానికి.

చికిత్స

కారణం తెలిసిన తరువాత చికిత్స చాల చిన్నది. లింకును తిరిగి 3.10 వైపునకు మళ్ళించడమే. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో మార్చి ఉంటే దానితోనే 3.10ను ఎన్నుకొనవచ్చును. చేతితో మార్చి ఉంటే 'ఎల్ఎన్' ఆదేశంతో పూర్వస్థితికి తేవచ్చును. తరువాత నాలుగు పరీక్షలు చేయవలెను: లాంగ్వేజ్ సపోర్ట్ తెరుచుకొన్నదా, టెర్మినల్ తెరుచుకొన్నదా, సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ తెరుచుకొన్నదా, 'ఏపీటీ అప్‌డేట్' ఆదేశం ట్రేస్‌బ్యాక్ లేకుండా ముగిసిందా. నాలుగూ నెగ్గితేనే రోగం కుదిరినట్లు.

మరి పాఠం కోసం 3.11 కావలసిన విద్యార్థి గతి ఏమి? అతని కోరిక న్యాయమైనది. దానికి సరియైన మార్గం 'వీఈఎన్‌వీ' అనే ఏర్పాటు. అందుకు కావలసిన ప్యాకేజీని స్థాపించి, తన సొంత డైరెక్టరీలో 3.11తో ఒక ప్రత్యేక పరిసరాన్ని సృష్టించుకొనవచ్చును. దానిలో ప్రవేశించినంత సేపు 'పైథాన్3' అంటే 3.11 పలుకుతుంది, బయటకు వస్తే 3.10 పలుకుతుంది. తన వంట తన కుంపటిపై వండుకొనడం వంటిది ఇది. ఉమ్మడి పొయ్యిని కదిలించవలసిన అవసరం లేదు.

ఇక చేయకూడని చికిత్సలు రెండు ఉన్నవి. మొదటిది, 310 ముద్ర గల ఫైలుకు నకలు తీసి 311 అని పేరు మార్చడం. ఒక్కొక్కసారి ఇది పని చేసినట్లే కనిపిస్తుంది. కాని పేరు మార్చినంత మాత్రాన లోపలి నిర్మాణం మారదు. ఏ పనిలో ఎప్పుడు విరుగునో చెప్పలేము. రెండవది మరింత ప్రమాదకరం: పైథాన్‌ను పూర్తిగా తొలగించి మళ్ళీ వేద్దామనుకొనడం. ఉబుంటు డెస్క్‌టాప్ యావత్తు దానిపై ఆధారపడి ఉన్నది గనుక తొలగింపు ఆదేశం దానితోపాటు ఎన్నో ప్యాకేజీలను లాగివేస్తుంది. ఆ ఆదేశం ముందుగా చూపే పట్టీని చదవకుండా "అవును" అన్నవారికి చివరకు అక్షరాల తెర మాత్రమే మిగులుతుంది.

ఈ దోషం ఒక విండోకు సంబంధించినదే అయితే ఇంత వివరం అవసరం లేకపోయేది. ఉబుంటులో భద్రతా నవీకరణలను తనంతట తాను స్థాపించే 'అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్' అనే ప్రోగ్రాం కూడ పైథాన్‌లో వ్రాసినదే. దానికీ అదే మాడ్యూలు కావలెను. లింకు మారిన యంత్రంలో ఆ నవీకరణలు ఎవరికీ తెలియకుండా నిలిచిపోతాయి. కూలిపోయిన విండో కంటికి కనిపిస్తుంది. నిలిచిపోయిన రక్షణ కనిపించదు. విండో కూలిపోవడం నిజానికి మనకు అందిన హెచ్చరిక అన్నమాట.

కారణం వేరైనప్పుడు

ప్రతి పతనానికీ పైథానే కారణమని అనుకొనరాదు. పద్ధతి అదే, ప్రశ్నలు మాత్రం మారుతాయి. సాధనం ఒక వ్యక్తికి మాత్రమే కూలిపోతున్నదేమో చూడడానికి యంత్రంలో కొత్త వాడుకరి ఖాతాను సృష్టించి అందులో తెరిచి చూడవలెను. అక్కడ తెరుచుకొంటే దోషం పాత ఖాతాలోని సొంత అమరికలలో ఉన్నదని, అక్కడ కూడ తెరుచుకోకపోతే వ్యవస్థలో ఉన్నదని తేలుతుంది. ఇంత తేలికగా ఇంత విలువైన సమాచారమిచ్చే పరీక్ష మరొకటి అరుదు.

డిస్కు పూర్తిగా నిండిపోయినా సాధనాలు చిత్రంగా ప్రవర్తిస్తాయి; 'డీఎఫ్' ఆదేశంతో మిగిలిన స్థలం తెలుసుకొనవచ్చును. జ్ఞాపకశక్తి చాలక కెర్నెల్ ముగించి ఉంటే ఆ మాట జర్నల్‌లో స్పష్టంగా ఉంటుంది. స్థాపించిన ఫైళ్ళు చెడిపోయాయన్న అనుమానం కలిగితే డీపీకేజీకి 'వెరిఫై' చేర్చి సరిచూడవచ్చును. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే 'వేర్' లోని 'క్రాష్' డైరెక్టరీలో అపోర్ట్ వ్రాసిన నివేదిక లభించవచ్చును. అటువంటప్పుడు సంచిక సంఖ్యతో సహా ఆ నివేదికను తయారీదారులకు పంపడమే మన కర్తవ్యం.

ప్రయోగశాలకు వర్తించే నియమాలు

పై ఉదాహరణలో మొదటి విద్యార్థి చెడ్డవాడు కాడు. నేర్చుకొనాలన్న తపన గలవాడు. రెండవ విద్యార్థిని తెలివి తక్కువది కాదు. మార్పు సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. లోపం ఇద్దరి మధ్య ఉన్న మౌనంలో ఉన్నది. ఉమ్మడి యంత్రంలో చేసిన మార్పు ఉమ్మడి పుస్తకంలోకి ఎక్కకపోవడమే అసలు దోషం.

కావున కళాశాల కమిటీ వారికి మేము మనవి చేసేది ఒక్కటే. ప్రయోగశాలలో ప్రతి యంత్రం పక్కన ఒక నోటు పుస్తకం ఉంచవలెను. నిర్వాహక సంకేతపదంతో చేసిన ప్రతి మార్పును తేదీతో, చేసినవారి పేరుతో, ఇచ్చిన ఆదేశంతో సహా అందులో వ్రాయించవలెను. దీనికి ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. వ్యవస్థను తుడిచి కొత్తగా స్థాపించే ముందు ఆ పుస్తకాన్ని, జర్నల్‌ను చూచి, విద్యార్థుల ఫైళ్ళకు నకలు తీసిన పిమ్మటనే ఆ పనికి అనుమతి ఇవ్వవలెను.

విద్యార్థులకు చెప్పవలసినది కూడ కొద్దియే. ప్రోగ్రాం కూలిపోయినప్పుడు చేయి మీట మీదికి పోకముందే కన్ను చిట్టా మీదికి పోవలెను. చివరి వరుస మొదట చదవండి. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చినది వ్రాసి ఉంచండి. కారణం మీ మాటలలో మరొకరికి చెప్పగలిగిన నాడే దానిని మీరు కనుగొన్నట్లు లెక్క. అట్లు చెప్పగల విద్యార్థి ప్రయోగశాలకు ఒక్కడున్నా చాలును. మరుసటి ఏడు అక్కడ పదిమంది ఉంటారు.